12 వోల్ట్సే కదా అనుకుంటే ఎలా? వ్యాన్ సోలార్ మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

క్యాంపర్ వ్యాన్లలో సోలార్ కరెంట్ గురించి ఏమైనా అడగండి అని పోయిన నెల ఇదే పేజీలో రాశాం, ఉత్తరాలు, మెయిల్స్, వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు అన్నీ కలిపి బోలెడు వచ్చాయి. పాత ట్రావెలర్ వ్యాన్ కొనుక్కుని లోపల మంచం, చిన్న వంటగది, పైన ప్యానెల్స్ పెట్టించుకుని అరకు, గండికోట, హంపి అని కుటుంబంతో తిరిగేవాళ్ళు మనలో ఇంతమంది ఉన్నారని తెలిసి చాలా సంతోషం వేసింది. అయితే సగానికి పైగా ఉత్తరాల్లో ఒకటే మాట కనిపించింది, "12 వోల్ట్సే కదండీ, ఏమవుతుంది" అని, అది చదివినప్పుడల్లా భయం కూడా వేసింది. అందుకే మొదటి జవాబు కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి, మిగతా ప్రశ్నల్లో చాలావాటికి మూలం అందులోనే ఉంది.

ప్రశ్న: మాది ట్రావెలర్. 200 ఏహెచ్ (ఆంపియర్ అవర్స్, బ్యాటరీలో ఎంత పడుతుందో చెప్పే లెక్క) 12 వోల్ట్స్ లిథియం బ్యాటరీ వెనక డిక్కీ వైపు, 2000 వాట్స్ ఇన్వర్టర్ డ్రైవర్ సీటు వెనకాల పెట్టించాం. మా ఇంటికి వైరింగ్ చేసినాయనే 6 స్క్వేర్ ఎంఎం (లోపలి రాగి ఎంత లావో చెప్పే కొలత) వైర్ లాగాడు. ఇండక్షన్ స్టవ్ 1000 మీద పెడితే పది నిమిషాలకి వైర్ కాలిపోతూ ప్లాస్టిక్ వాసన వస్తోంది, ఇన్వర్టర్ కూడా బీప్ బీప్ అని కొట్టుకుని ఆగిపోతోంది. అడిగితే 12 వోల్ట్స్ షాక్ కొట్టదు, భయం లేదు అంటున్నాడు. - రాజమండ్రి

జవాబు: ముందు ఆ ఇండక్షన్ వాడకం ఇవాళే ఆపెయ్యండి, వైర్ మార్చేదాకా ముట్టుకోవద్దు. ఆయన చెప్పింది సగం నిజం, 12 వోల్ట్స్ మనిషికి షాక్ కొట్టదు. కానీ బండి తగలబడటానికి షాక్ అవసరం లేదు కదండీ, వేడి చాలు, ఆ వేడి వచ్చేది ఆంప్స్ వల్ల, అంటే వైర్‌లో పారే కరెంట్ వల్ల. ఇంట్లో 230 వోల్ట్స్ మీద 1000 వాట్స్ స్టవ్ లాగేది నాలుగున్నర ఆంప్స్ లోపే. అదే స్టవ్ మీ వ్యాన్‌లో ఇన్వర్టర్ ద్వారా నడిస్తే 12 వోల్ట్స్ బ్యాటరీ నుంచి దాదాపు 90 ఆంప్స్ లాగుతుంది, ఇన్వర్టర్ తన కోసం తినేసేది కూడా అందులో కలిసి. ఫుల్ 2000 వాట్స్ పెడితే 180 పైమాటే. 6 స్క్వేర్ వైర్ ఇంట్లో పైపులో వేస్తే తట్టుకునేది 40 ఆంప్స్ అటూఇటూ, ఇల్లు వైరింగ్ చేసే ఆయనకి అది చాలా లావు వైర్ కింద లెక్క, అందుకే ధైర్యంగా వేసేశాడు.

ఇప్పుడు లెక్క చూడండి. బ్యాటరీ నుంచి ఇన్వర్టర్‌కి 3 మీటర్లు అనుకుందాం, పాజిటివ్ వెళ్ళడానికి 3, నెగెటివ్ తిరిగి రావడానికి 3, మొత్తం 6 మీటర్ల రాగి. 6 స్క్వేర్‌లో దాని రెసిస్టెన్స్, అంటే కరెంట్‌ని అడ్డుకునే గుణం, 0.0175 ఓమ్స్, చూడ్డానికి ఏమీ లేనట్టే ఉంటుంది. దాంట్లో 90 ఆంప్స్ పారితే 1.6 వోల్ట్స్ దార్లోనే పోతాయి, వైర్‌లోనే 140 వాట్స్ వేడి పుడుతుంది, మీకొచ్చే వాసన అదే. బ్యాటరీ దగ్గర 13 ఉన్నా ఇన్వర్టర్ దగ్గరికి వచ్చేసరికి పదకొండున్నర కూడా ఉండదు, దాంతో అది బ్యాటరీ అయిపోయిందనుకుని బీప్ కొట్టి ఆగిపోతోంది. అంటే మీ ఇన్వర్టర్ పాడవ్వలేదు, బ్యాటరీ కూడా బానే ఉంది, తప్పంతా మధ్యలో వైర్‌ది.

చెయ్యాల్సింది ఏంటంటే, ఇన్వర్టర్‌ని తీసుకెళ్ళి బ్యాటరీ పక్కనే పెట్టించండి, ఒక మీటర్ లోపు. ఎక్కువ దూరం లాగాల్సింది 230 వోల్ట్స్ వైపు, దాంట్లో ఆంప్స్ తక్కువ కాబట్టి. ఆ ఒక్క మీటర్‌కీ 70 స్క్వేర్ ఎంఎం ఫ్లెక్సిబుల్ రాగి కేబుల్ వెయ్యండి, ఇన్వర్టర్ మాన్యువల్‌లో అంతకన్నా లావు చెప్పుంటే అదే వెయ్యండి. అప్పుడు 180 ఆంప్స్ లాగినా వోల్ట్‌లో పదో వంతు కూడా పోదు. కొనేటప్పుడు చివర చాకుతో గీకి చూడండి, లోపల తెల్లగా మెరిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం, కొన్ని ఆన్‌లైన్ కిట్లలో అదే అంటగడుతున్నారు, దానికి రెసిస్టెన్స్ రాగి కన్నా సుమారు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. (వెల్డింగ్ షాపులకి అమ్మే కేబుల్ కూడా రాగిదీ ఉంటుంది, అల్యూమినియందీ ఉంటుంది, అడిగి తీసుకోండి.)

కేబుల్ ఎంత లావుదైనా దాని చివర లగ్ (బోల్ట్‌కి తగిలించే రింగు కొస) సరిగ్గా నొక్కకపోతే మళ్ళీ మొదటికే. బ్యాటరీ షాపుల్లో లగ్‌ని సుత్తితో కొట్టి అతికించేస్తారు, స్కూటర్ బ్యాటరీకి సరిపోతుందేమో గానీ ఇక్కడ పనికిరాదు. హైడ్రాలిక్ క్రింపింగ్ టూల్‌తో సరైన డైలో (సైజుకి తగ్గ అచ్చులో) నొక్కించాలి, తర్వాత చేత్తో గట్టిగా లాగి చూడాలి, కదలకూడదు. ఒక లూజు బోల్ట్ దగ్గర 5 మిల్లీఓమ్స్ రెసిస్టెన్స్ వచ్చిందనుకోండి, 90 ఆంప్స్‌కి అక్కడ పుట్టే వేడి 40 వాట్స్, మొబైల్ రిపేర్ షాపులో వాడే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్స్‌తోనే సోల్డర్ కరిగించేస్తుంది, ఆ బోల్ట్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ సంగతి మీరే ఊహించండి. ఇంకోటి, చాలామంది టెర్మినల్ మీద ముందు వాషర్ వేసి దాని మీద లగ్ పెడతారు, అలా చెయ్యకూడదు. లగ్ నేరుగా టెర్మినల్‌కి ఆనాలి, దాని పైన వాషర్, స్ప్రింగ్ వాషర్, నట్. మధ్యలో స్టీల్ వాషర్ ఉంటే కరెంట్ అంతా ఆ స్టీల్ లోంచే పారాలి, వేడెక్కకేం చేస్తుంది. బండి అదురుకి నట్లు వదులవుతాయి కాబట్టి మొదటి నెలలో ఒకసారి, తర్వాత ప్రతి పెద్ద ట్రిప్ ముందు బిగించి చూసుకోండి, బిగించే పానాకి ఇన్సులేషన్ టేప్ చుట్టండి, పొరపాటున అది రెండు టెర్మినల్స్‌కీ ఒకేసారి తగిలితే వెల్డింగ్ అయిపోతుంది, చేతికి ఉంగరం, కడియం ఉంటే తీసేసి పని చెయ్యండి.

ఇండక్షన్ మీదే రోజూ వంట అనుకుంటే మాత్రం 24 వోల్ట్స్ సిస్టమ్‌కి మారడం మంచిదని నా గట్టి అభిప్రాయం. ఆంప్స్ సగమవుతాయి, అదే కేబుల్‌లో వేడి నాలుగో వంతుకి పడిపోతుంది.

ప్రశ్న: లిథియం బ్యాటరీలో బీఎంఎస్ (బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్) ఉంటుంది, ఓవర్‌లోడ్ అయినా షార్ట్ అయినా అదే కట్ చేస్తుంది అంటున్నారు, మళ్ళీ ఫ్యూజ్ డబ్బులు దండగ కదా సర్? వేస్తే ఎక్కడ వెయ్యాలి? - కరీంనగర్

జవాబు: దండగ కాదు తమ్ముడూ, మొత్తం సిస్టమ్‌లో ఒక్కదాని మీదే డబ్బులు పెట్టగలను అంటే ఫ్యూజ్ మీదే పెట్టమంటాను. బీఎంఎస్ ఉన్నది బ్యాటరీ లోపలి సెల్స్‌ని కాపాడ్డానికి. దాని లోపల కరెంట్‌ని ఆపేవి మాస్‌ఫెట్స్ అనే చిన్న చిన్న ఎలక్ట్రానిక్ స్విచ్‌లు, అవి పెద్ద షార్ట్‌లో కాలిపోయినప్పుడు చాలాసార్లు ఆన్ అయినట్టే అతుక్కుపోతాయి, ఇక ఆపేవాడు ఉండడు. ఫ్యూజ్ ఉన్నది వైర్‌ని కాపాడ్డానికి. అందుకే ఫ్యూజ్ సైజు వైర్ తట్టుకునే దానికన్నా ఎప్పుడూ తక్కువే ఉండాలి, "ఊరికే పోతోంది" అని పెద్దది వేసేస్తే ఫ్యూజ్ నిలుస్తుంది గానీ వైర్ పోతుంది.

ఎక్కడ అంటే, బ్యాటరీ పాజిటివ్ నుంచి జానెడు లోపే. ఎందుకంటే ఫ్యూజ్‌కి ముందున్న వైర్ ముక్కకి రక్షణ ఏమీ లేదు, అది ఎంత పొట్టిగా ఉంటే అంత మేలు. వ్యాన్‌లో ఈ మాటకి ఇంత విలువ ఎందుకంటే బండి ఇనుప బాడీ అంతా నెగెటివే. పాజిటివ్ వైర్ ఏదో రేకు కన్నం లోంచి వెళ్తుంటుంది, ఘాట్ రోడ్డు మీద అదురుకి ఆ రేకు అంచు రోజూ కొంచెం కొంచెం ఇన్సులేషన్‌ని కోస్తూ ఉంటుంది, ఒక రోజు రాగి రేకుకి తగులుతుంది. ఫ్యూజ్ ఉంటే టప్ మని పోతుంది, లేకపోతే వైర్ మొత్తం ఎర్రగా కాలి ప్లైవుడ్, ఫోమ్, పరుపు అన్నీ అంటుకుంటాయి. కాబట్టి ప్రతి కన్నానికీ రబ్బర్ గ్రోమెట్ (కన్నం అంచుకి తొడిగే రింగు), వైర్ మొత్తానికీ ఫ్లెక్సిబుల్ కాండ్యూట్ (వంగే పైపు), అడుగు అడుగుకీ క్లాంప్ వేయించండి.

ఫ్యూజ్ రకం కూడా చూడాలి. దాని మీద ఎన్ని ఆంప్స్‌కి పోతుందో రాసుంటుంది, అది కాకుండా ఎన్ని ఆంప్స్ వరకు సురక్షితంగా ఆపగలదు అనేది ఇంకో అంకె, దాన్ని ఎవరూ చూడరు. కార్లలో ఉండే మామూలు బ్లేడ్ ఫ్యూజ్ 1000 ఆంప్స్ వరకు ఆపగలదు. లిథియం బ్యాటరీ షార్ట్ అయితే వచ్చేది వేల ఆంప్స్, అప్పుడు ఫ్యూజ్ కాలిపోయినా ఆ ఖాళీలో మంట గీతలా కరెంట్ పారుతూనే ఉంటుంది. అందుకే మెయిన్ ఫ్యూజ్‌కి క్లాస్ టి రకం వాడమంటారు, అది 20,000 ఆంప్స్ వరకు ఆపుతుంది. ఖరీదే, నిజమే, బ్యాటరీ మీద పెట్టిన దాంట్లో ఎంత అని చూసుకుంటే చిన్న మొత్తమే. లైట్లు, ఫ్యాన్, పంపు లాంటి చిన్న లైన్లకి విడివిడిగా బ్లేడ్ ఫ్యూజ్‌లు చాలు.

ప్రశ్న: పైన ప్యానెల్స్ నుంచి వచ్చే లైన్‌కి ఇంట్లో మిగిలిన 32 ఆంప్స్ ఎంసీబీ (ఓవర్‌లోడ్ అయితే దానంతట అదే పడే స్విచ్) పెట్టాను. బానే పని చేస్తోంది, ఆన్ ఆఫ్ అవుతోంది. ఉంచొచ్చా? - నెల్లూరు

జవాబు: తీసెయ్యండి. ఇంటి కరెంట్ ఏసీ, అంటే దిశ మార్చుకుంటూ పారేది, సెకనుకి 100 సార్లు సున్నాకి వచ్చి వెళ్తుంది, ఎంసీబీ తెరుచుకున్నప్పుడు లోపల లేచే మెరుపు ఆ సున్నా దగ్గర దానంతట అదే ఆరిపోతుంది. సోలార్ డీసీ, ఒకే దిశలో పారుతుంది, దానికి సున్నా లేదు, ఒకసారి మెరుపు పట్టుకుంటే వదలదు, ఎంసీబీ లోపలే కాలిపోతుంది. మీరు ఖాళీగా ఉన్నప్పుడు ఆన్ ఆఫ్ చేసి చూశారు కాబట్టి బానే ఉన్నట్టు అనిపిస్తోంది, మిట్ట మధ్యాహ్నం ఫుల్ లోడ్‌లో అది తెరుచుకోవాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది సంగతి. డీసీ అని రాసున్నది, మీ ప్యానెల్స్ మొత్తం వోల్టేజ్ కన్నా ఎక్కువ రేటింగ్ ఉన్నది కొనండి, కొన్నిటి మీద ప్లస్ మైనస్ గుర్తులు ఉంటాయి, వాటిని తిరగేసి కలిపితే మెరుపు ఆర్పే ఏర్పాటు పని చెయ్యదు. అలాగే ఎండ ఉన్నప్పుడు ప్యానెల్ వైర్లని కలిపే ఎంసీ4 కనెక్టర్ని చేత్తో ఊడబీకొద్దు, ఆ డీసీ ఎంసీబీ ఆఫ్ చేసి, కుదిరితే ప్యానెల్ మీద దుప్పటి కప్పి అప్పుడు తియ్యండి.

ప్రశ్న: నా దగ్గర 4 ప్యానెల్స్ ఉన్నాయి, ఒక్కోదాని వెనక ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్ (దేనికీ కలపనప్పుడు ఉండేది) 24.3 అని ఉంది. నాలుగూ సిరీస్‌లో (ఒకదాని ప్లస్ ఇంకోదాని మైనస్‌కి) కలిపితే 97.2, నా ఎంపీపీటీ కంట్రోలర్ (ప్యానెల్ కరెంట్‌ని బ్యాటరీకి తగ్గట్టు మార్చేది) 100 వోల్ట్స్ వరకు తీసుకుంటుంది, సరిపోయింది అనుకుంటున్నా. డిసెంబర్‌లో లంబసింగి వెళ్తున్నాం. - విశాఖపట్నం

జవాబు: వైజాగ్‌లో మధ్యాహ్నం సరిపోతుంది, లంబసింగిలో తెల్లారేసరికి సరిపోదు. ప్యానెల్ వెనక రాసిన వోల్టేజ్ 25 డిగ్రీల దగ్గరిది, చలి పెరిగేకొద్దీ వోల్టేజ్ పెరుగుతుంది, సుమారుగా డిగ్రీకి 0.3 శాతం. లంబసింగిలో చలికాలం పొద్దున్నే 3 డిగ్రీలు ఉందనుకుందాం, 22 డిగ్రీల తేడా, అంటే 6.6 శాతం, మీ 97.2 కాస్తా 103 దాటింది. సూర్యుడు కొండ మీదికి వచ్చి మొదటి వెలుగు పడగానే, ప్యానెల్ ఇంకా చల్లగానే ఉంటుంది, ఆ వోల్టేజ్ మొత్తం కంట్రోలర్ నెత్తిన పడుతుంది. ఆంప్స్ ఎక్కువైతే కంట్రోలర్ తనే తగ్గించుకుంటుంది, వోల్ట్స్ ఎక్కువైతే ఏమీ చెయ్యలేదు, లోపలి పార్ట్స్ పోతాయి, వారంటీ కూడా ఇవ్వరు. రెండేసి సిరీస్, ఆ రెండు జతలు ప్యారలల్ (ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్) కలపండి, 48.6 వోల్ట్స్ వస్తుంది, లేహ్ తీసుకెళ్ళినా ఫర్వాలేదు. (మూడు జతలు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ప్యారలల్ చేస్తే మాత్రం ఒక్కో జతకి ఫ్యూజ్ కావాలి, ఒక జత పాడైతే మిగతావన్నీ కలిసి దాంట్లోకి కరెంట్ తోస్తాయి కాబట్టి.) కలిపేటప్పుడు ముందు కంట్రోలర్‌కి బ్యాటరీ, ఆ తర్వాత ప్యానెల్. తీసేటప్పుడు ముందు ప్యానెల్, తర్వాత బ్యాటరీ. ఈ వరస ఒక కాగితం మీద రాసి కంట్రోలర్ పక్కనే అంటించండి.

ప్రశ్న: ఇన్వర్టర్ మీద ఫ్రిజ్ నడుస్తున్నప్పుడు దాని తలుపు పట్టుకుంటే వేళ్ళు జిల్లుమంటున్నాయి. 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంట్ లీకైతే కట్ చేసే స్విచ్) పెట్టించాం, టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడిపోతోంది, అంటే అది బానే ఉన్నట్టే కదా. మరి ఎందుకు ఇలా? పిల్లలు ఉన్నారు, భయంగా ఉంది. - గుంటూరు

జవాబు: భయపడాల్సిన విషయమే, మీరు అడగడం మంచిదైంది. చాలా వ్యాన్లలో ఆర్‌సీసీబీ పెట్టుంటుంది గానీ అవసరమైనప్పుడు అది పడదు, అంటే కరెంట్ కట్ చెయ్యదు, ఎందుకో చెప్తాను.

ఆర్‌సీసీబీ చేసే పని ఒకటే, ఫేజ్‌లో వెళ్ళిన కరెంట్, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంట్ సమానంగా ఉన్నాయా అని చూడటం. తేడా వస్తే, అంటే కొంత కరెంట్ మనిషి లోంచో బాడీ లోంచో ఇంకో దారిలో పోతోందంటే, కట్ చేస్తుంది. ఇళ్ళలో ఆ "ఇంకో దారి" ఎర్త్. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌ని భూమికి కలిపి ఉంటారు కాబట్టి ఎర్త్ లోంచి పోయిన కరెంట్ ఎలాగోలా అక్కడికి చేరుతుంది. వ్యాన్‌లో ఇన్వర్టర్ అవుట్‌పుట్ చాలావరకు దేనికీ కలిపి ఉండదు, గాల్లో ఉన్నట్టు ఉంటుంది. ఫ్రిజ్ లోపల ఫేజ్ వైర్ బాడీకి తగిలినా కరెంట్‌కి తిరిగెళ్ళే దారి లేదు, కాబట్టి ఆర్‌సీసీబీకి తేడా కనపడదు, పడదు. మొదటి తప్పు అలా దాక్కుని ఉండిపోతుంది. తర్వాత ఎప్పుడో ఇంకో వస్తువులో న్యూట్రల్ వ్యాన్ బాడీకి తగిలిందనుకోండి, ఇప్పుడు ఫ్రిజ్ తలుపు పట్టుకుని వ్యాన్ రేకుకి ఆనుకున్న మనిషి లోంచి కరెంట్ పారుతుంది, అది మళ్ళీ అదే న్యూట్రల్‌లోకే చేరి ఆర్‌సీసీబీ లోంచే వెనక్కి వెళ్తుంది. వెళ్ళిందీ వచ్చిందీ సమానం కాబట్టి ఆర్‌సీసీబీ అప్పుడూ పడదు.

టెస్ట్ బటన్ మాత్రం ఎప్పుడూ పని చేస్తుంది, ఎందుకంటే ఆ బటన్ లోపలే ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య చిన్న రెసిస్టర్‌తో తేడా సృష్టిస్తుంది, దానికి ఎర్త్‌తో సంబంధం లేదు. బటన్ నొక్కితే తెలిసేది ఆర్‌సీసీబీ మెషీన్ బతికుందని మాత్రమే, మీ వైరింగ్ సరిగ్గా ఉందని కాదు.

జిల్లుమనడానికి ఎక్కువగా కారణం, ఫ్రిజ్‌లో, ఇన్వర్టర్‌లో నాయిస్ ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి, ఎర్త్ పిన్ ఎక్కడా కలవకపోతే వాటి ద్వారా బాడీకి కొంచెం కరెంట్ వస్తుంది. కానీ నిజంగా ఇన్సులేషన్ పోయినా మొదట అలాగే ఉంటుంది కాబట్టి చేత్తో పట్టుకుని ఇది ఏ రకం అని తేల్చుకోవద్దు, ఆ ఫ్రిజ్ ప్లగ్ తీసేసి ఎలక్ట్రీషియన్‌తో మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటర్) పెట్టించి చూడండి.

సరి చెయ్యాల్సింది ఇలా. వ్యాన్‌లో ఉన్న అన్ని సాకెట్ల ఎర్త్ పిన్లు, ఇన్వర్టర్ ఎర్త్ బోల్ట్, వ్యాన్ చాసిస్ అన్నీ ఒకదానికొకటి రాగి వైర్‌తో కలవాలి, చాసిస్ దగ్గర పెయింట్ గీకి శుభ్రంగా బిగించాలి. ఆ తర్వాత ఇన్వర్టర్ అవుట్‌పుట్ న్యూట్రల్‌ని ఎర్త్‌కి ఒకే ఒక్క చోట, ఆర్‌సీసీబీకి ముందు వైపు, కలపాలి. అప్పుడు బాడీకి తగిలిన కరెంట్ చాసిస్ మీదుగా ఆర్‌సీసీబీని తప్పించుకుని ఇన్వర్టర్‌కి చేరుతుంది, తేడా కనపడుతుంది, పడుతుంది. అయితే ఇది మాన్యువల్ చదవకుండా చెయ్యొద్దు. ఇంటి కరెంట్ లాంటి కరెంటే ఇచ్చే మంచి ప్యూర్ సైన్ ఇన్వర్టర్లలో చాలావాటికి ఈ ఏర్పాటు లోపలే ఉంటుంది, లేదా ఎలా చెయ్యాలో రాసుంటారు. చవకగా దొరికే మాడిఫైడ్ సైన్ వేవ్ రకాల్లో న్యూట్రల్ అనే మాటే ఉండదు, రెండు వైర్లలోనూ కరెంట్ ఉంటుంది, దాన్ని ఎర్త్‌కి కలిపితే ఇన్వర్టర్ పేలిపోయే అవకాశం ఉంది, అలాంటిది ఉంటే మార్చెయ్యడమే దారి. ఇంకో మాట, పిల్లలున్న వ్యాన్‌లో ఫ్రిజ్ 12 వోల్ట్స్ మీద నేరుగా నడిచే కంప్రెసర్ రకం పెట్టుకుంటే 230 వోల్ట్స్ వస్తువు ఒకటి తగ్గుతుంది, బ్యాటరీ కూడా ఆదా.

ప్రశ్న: ఊరికెళ్ళినప్పుడు మామయ్య వాళ్ళ ఇంటి సాకెట్ నుంచి వ్యాన్‌లో ఏదో ఒక సాకెట్‌కి రెండు వైపులా ప్లగ్ ఉన్న వైర్‌తో కరెంట్ ఇస్తాం. ఇన్వర్టర్ ఆఫ్ చేస్తే చాలు కదా? - ఖమ్మం

జవాబు: చాలదు. ఆ వైర్‌ని ఈ రోజే కోసి పారెయ్యండి. ఒక వైపు సాకెట్‌లో ఉండి రెండో వైపు ఊడి కింద పడితే, బయటికి పొడుచుకొచ్చిన ఆ ఇత్తడి పిన్లలో 230 వోల్ట్స్ ఉంటాయి, చీకట్లో ఎవరి కాలైనా తగలొచ్చు. ఇన్వర్టర్ ఆఫ్ చెయ్యడం ఒక్కరోజు మర్చిపోయినా రెండు కరెంట్లు ఎదురెదురుగా కొట్టుకుని ఇన్వర్టర్ కాలిపోతుంది. వ్యాన్ బయట పిన్లు కప్పి ఉండే ఇన్‌లెట్ సాకెట్ పెట్టించి, లోపల రెండు పోల్స్ చేంజోవర్ స్విచ్ (ఇంటి కరెంట్, ఇన్వర్టర్ రెండిట్లో ఒకటే వచ్చేలా మార్చేది) పెట్టించండి, ఫేజ్ న్యూట్రల్ రెండూ ఒకేసారి మారాలి. ఇంటి కరెంట్ వైపు కూడా ఆర్‌సీసీబీ ఉండాలి. మామయ్య గారింట్లో ఆ సాకెట్‌కి ఎర్త్ నిజంగా ఉందో లేదో కూడా చూపించండి, పల్లెల్లో మూడో కన్నం చాలా ఇళ్ళలో ఖాళీగానే ఉంటుంది, మీ వ్యాన్ బాడీ అంతా దాని మీదే ఆధారపడుతుంది.

ప్రశ్న: ఇంట్లో వాడని 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఉంది, వ్యాన్‌లో మంచం కింద పెట్టుకోవచ్చా? పక్కనే చిన్న గ్యాస్ సిలిండర్ కూడా అక్కడే సర్దాలనుకుంటున్నాం. - ఒంగోలు

జవాబు: రెండూ వద్దండీ. ట్యూబులర్ బ్యాటరీ చార్జింగ్ చివర్లో హైడ్రోజన్ వదులుతుంది, గాలిలో అది 4 శాతం చేరితే చిన్న నిప్పు రవ్వ చాలు. మీరు దాని మీదే పడుకుంటారు. పైగా 50 కిలోల పైన బరువు, సడన్ బ్రేక్ వేస్తే యాసిడ్ ఒలుకుతుంది, యాక్సిడెంట్ అయితే ఆ బరువు ముందుకి ఎగిరొస్తుంది. హైడ్రోజన్ తేలిక, పైకి పోతుంది, వంట గ్యాస్ బరువు, నేల మీద పేరుకుంటుంది. కాబట్టి సిలిండర్ అరకి అడుగున బయటికి కన్నం ఉండాలి, బ్యాటరీ అరకి పై భాగంలో ఉండాలి, రెండూ వేరు వేరు అరలు, మధ్యలో సందులు ఉండకూడదు. ఫ్యూజ్, రిలే, స్విచ్ లాంటి నిప్పు రవ్వ వచ్చేవేవీ సిలిండర్ అరలో పెట్టొద్దు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అయితే మామూలుగా గ్యాస్ వదలదు, అయినా మంచం కింద ఓపెన్‌గా కాకుండా మూత ఉన్న పెట్టెలో, గాలి వ్యాన్ బయటికి వెళ్ళేలా పెట్టడం నాకిష్టం. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 2022లో వచ్చిన 3001.2 స్టాండర్డ్ కూడా లిథియం బ్యాటరీని మనుషులుండే భాగం నుంచి వేరు చెయ్యాలనే అంటుంది, బ్రిస్బేన్ నుంచి ఇదే అడిగిన పాఠకురాలికి కూడా ఇదే జవాబు. మన దగ్గర ఎండ ఇంకో సమస్య. చాలా డేటాషీట్లలో లిథియం చార్జింగ్‌కి 45 డిగ్రీలే హద్దు, మే నెలలో రెంటచింతలలో బయటే అది దాటుతుంది, మూసిన వ్యాన్‌లో ఇంకా ఎక్కువ. బ్యాటరీని నేల దగ్గర, ఎండ తగలని వైపు పెట్టండి.

ప్రశ్న: ఇంజిన్ ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరిగితే కరెంట్ పుట్టించేది) నుంచి రిలే పెట్టి లిథియం బ్యాటరీకి డైరెక్ట్‌గా చార్జింగ్ ఇవ్వొచ్చా? - అనంతపురం

జవాబు: డైరెక్ట్‌గా వద్దు. లిథియం ఎంత ఇస్తే అంత లాగేస్తుంది, ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు ఆల్టర్నేటర్ చల్లబడే గాలి లేక కాలిపోతుంది. నడుస్తుండగా బీఎంఎస్ టక్కున కట్ చేస్తే ఆ వోల్టేజ్ ఎగిరి ఆల్టర్నేటర్ డయోడ్లు, కొన్నిసార్లు బండి ఎలక్ట్రానిక్స్ కూడా పోతాయి. కరెంట్‌ని హద్దులో ఉంచి బ్యాటరీకి ఇచ్చే డీసీ టు డీసీ చార్జర్ పెట్టించండి, 30 ఆంప్స్‌ది చాలు. దాని వైర్‌కి రెండు చివర్లా బ్యాటరీలు ఉన్నాయి కాబట్టి ఫ్యూజ్ కూడా రెండు చివర్లా కావాలి, ఇది చాలామంది మర్చిపోతారు.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం, కొత్తగా ఆర్‌వీ (లోపల ఇల్లులా ఉండే బండి) కొన్నాం. ఇంటి దగ్గర చార్జింగ్‌కి 30 ఆంప్స్ అవుట్‌లెట్ పెట్టించాలి. ఎలక్ట్రీషియన్‌కి ఏం చెప్పాలి? - టెక్సాస్

జవాబు: టీటీ-30 అనే పేరు, 120 వోల్ట్స్ అనే మాట రెండూ కాగితం మీద రాసిచ్చి చెప్పండి. మూడు పిన్లు, 30 ఆంప్స్ అనగానే బట్టల డ్రయర్ లైన్ అనుకుని 240 వోల్ట్స్ కలిపేసిన ఎలక్ట్రీషియన్లు ఉన్నారు, ప్లగ్ పెట్టగానే ఆర్‌వీలో మైక్రోవేవ్, చార్జర్, టీవీ అన్నీ పోతాయి. సింగిల్ పోల్ 30 ఆంప్స్ బ్రేకర్, 10 గేజ్ రాగి వైర్. పని అయ్యాక మీరే మల్టీమీటర్ పెట్టి చూడండి, హాట్‌కీ (అంటే ఫేజ్) న్యూట్రల్‌కీ మధ్య 120 చూపిస్తేనే ప్లగ్ పెట్టండి.

ప్రశ్న: ఇలా వైరింగ్ చేస్తే ఆర్టీవో దగ్గర ఇబ్బంది ఉంటుందా? - వరంగల్

జవాబు: మోటార్ వెహికల్స్ చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. సీట్లు తీసి మంచాలు పెట్టే ముందే మీ ఆర్టీవో ఆఫీసులో కనుక్కోండి, మోటార్ కారవాన్లకి ఏఐఎస్-124 అని విడిగా స్టాండర్డ్ ఉంది, ఆ ప్రకారం చేసే వర్క్‌షాప్ అయితే మేలు. ఇన్సూరెన్స్ వాళ్ళకి కూడా రాతపూర్వకంగా చెప్పండి.

ప్రశ్న: మా అమ్మాయీ అల్లుడూ ఎవరో తయారు చేసిన వ్యాన్ సెకండ్‌హ్యాండ్‌లో కొంటున్నారు. చిన్న బాబు ఉన్నాడు. నాకు కరెంట్ గురించి ఏమీ తెలీదు, కానీ చూడ్డానికి నేను కూడా వెళ్తున్నా. నేను ఏం గమనించాలి? - తెనాలి నుంచి ఒక అమ్మమ్మ

జవాబు: తప్పకుండా వెళ్ళండమ్మా. తెలీకపోయినా మీరు చూడగలిగినవి చాలా ఉన్నాయి. ముందు అమ్మేవాళ్ళని బ్యాటరీ పెట్టె తెరిచి చూపించమనండి, ఎర్ర వైర్ బ్యాటరీ నుంచి బయల్దేరిన జానెడు లోపే ఫ్యూజ్ ఉందా చూడండి, లేకపోతే "ఎందుకు లేదు" అని అడగండి. వైర్లు చేత్తో మెలేసి టేప్ చుట్టిన జాయింట్లు కనిపిస్తే, ఒకే చోట బోలెడు వైర్లు కుక్కి ఉంటే, ప్లాస్టిక్ ఎక్కడైనా గోధుమ రంగులోకి తిరిగి ఉంటే, మిగతా పని కూడా అలాగే ఉంటుందని అనుకోండి. తర్వాత ఇంట్లో వాడే పెద్ద లోడ్, స్టవ్వో కెటిలో, పెట్టమని ఒక పావుగంట నడిపించండి. ఆ పావుగంట అయ్యాక ఆఫ్ చేయించి, అల్లుడు గారిని బ్యాటరీ కేబుల్ ఇన్సులేషన్ మీద చెయ్యి పెట్టి చూడమనండి, గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చెయ్యి పెట్టలేనంత ఉంటే కొనొద్దు, లేదా వైరింగ్ మొత్తం మార్పించే ఖర్చు ధరలో తగ్గించమనండి. వాసన మీ ముక్కు ఎవరి మీటర్ కన్నా ముందు పట్టేస్తుంది, కాలిన వాసన కొంచెం వచ్చినా మొహమాటపడకండి, చెప్పెయ్యండి.

పొగ వస్తే మోగే అలారం, గ్యాస్ స్టవ్ ఉంటే కార్బన్ మోనాక్సైడ్ అలారం రెండూ ఉన్నాయా అడగండి, అవి లేని వ్యాన్‌లో బాబుని పడుకోబెట్టొద్దు. మంటలార్పే సిలిండర్ తలుపు పక్కన ఉండాలి, మంచం వెనకాల ఉంటే పని చెయ్యదు. నిజంగా మంట వస్తే చెయ్యాల్సిన మొదటి పని అందరూ దిగిపోవడం, మెయిన్ స్విచ్ దారిలోనే చేతికందితే ఆఫ్ చెయ్యడం, దూరంగా వెళ్ళి 101కి గానీ 112కి గానీ ఫోన్ చెయ్యడం. లిథియం బ్యాటరీకే అంటుకుంటే పౌడర్‌తో ఆరినట్టు కనిపించి మళ్ళీ రాజుకుంటుంది, ఆ పొగ పీల్చకూడదు, సామాను కోసం వెనక్కి వెళ్ళకూడదు. వచ్చిన ఫైర్ వాళ్ళకి పైన సోలార్ ప్యానెల్స్ ఉన్నాయని, మెయిన్ స్విచ్ ఆఫ్ చేసినా పగటిపూట ఆ పై వైర్లలో కరెంట్ ఉంటుందని చెప్పండి. ఇక ఆ మెయిన్ స్విచ్ ఎక్కడుందో అమ్మాయికీ అల్లుడికీ మాత్రమే కాకుండా మీకు కూడా చూపించమనండి, ఒకసారి మీ చేత్తోనే తిప్పి ఆఫ్ చేసి చూడండి, చాలా బిగుసుగా ఉండి మీరు తిప్పలేకపోతే దాన్ని సులువుగా తిరిగేదానితో మార్పించాకే డబ్బులు కట్టమనండి.